బారీకి ఇటలీ వీసా: చిక్కంతా బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గరే

హన్మకొండలో మాకు తెలిసిన మాస్టారు, ఆయన భార్య. ఇద్దరి పాస్‌పోర్టులూ వీసా లేకుండా వెనక్కొచ్చాయి. వాటితోపాటు ఒక కాగితం. అందులో వరసగా గళ్లు, రెండు గళ్లలో టిక్కులు. అక్కడ ఉన్నన్నాళ్లూ గడవడానికి సరిపడా సొమ్ము ఉన్నట్టు చూపలేదని ఒకటి. ఇచ్చిన సమాచారం నమ్మదగ్గట్టు లేదని రెండోది. ఆ రెండో టిక్కు దగ్గరే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన ఇంటికి అలాంటి మాట రావడం చిన్న విషయం కాదు.

వాళ్లు ఇచ్చిన బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పించి చూశాను. ప్రతినెలా మొదటి వారంలో పెన్షన్ పడుతోంది. పాలు, కరెంటు బిల్లు, మందుల షాపు, మనవరాలి ఫీజు. ఆరు నెలలూ అదే వరస. చివరి పేజీలో మాత్రం దరఖాస్తుకు పన్నెండు రోజుల ముందు ఒకేసారి 5 లక్షలు వచ్చి పడ్డాయి, ముక్కూముఖం తెలియని ఖాతా నుంచి. ‘ఫండ్స్ నేను చూపిస్తాను’ అని కమీషన్ తీసుకున్న ఏజెంటు వేయించిన డబ్బు అది. ఇంతకీ అదే బ్యాంకు బ్రాంచిలో వీళ్లకు సొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దాని గురించి ఏజెంటు అడగలేదు, వీళ్లు చెప్పలేదు.

ఇలా తిరిగొచ్చినవాళ్లను ఇంకొందరిని చూశాక ఇది రాస్తున్నాను. బారీ లాంటి ఊరికి వెళ్లడానికి అరువు డబ్బు చూపించాల్సిన పని లేదు.

ఊరి గురించి రెండు మాటలు. బూటు ఆకారంలో ఉండే ఇటలీ పటానికి మడమ దగ్గర, ఆడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉంటుంది బారీ. పులియా ప్రాంతానికి రాజధాని. 1087లో మైరా (ఇప్పటి టర్కీలోని ఊరు) నుంచి తెచ్చిన సెయింట్ నికోలస్ అవశేషాలు ఇక్కడి బసిలికాలో, అంటే పెద్ద చర్చిలో ఉన్నాయి. క్రిస్మస్ తాత కథకు మూలమైన బిషప్ ఆయనే. మాస్టారి భార్య వెళ్లాలనుకున్నది ఆ సమాధి చూడటానికే. వెనిస్, రోమ్‌లతో పోలిస్తే ఇక్కడ గది అద్దె, తిండి ఖర్చు బాగా తక్కువ. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి రైలుంది, ఇరవై నిమిషాల ప్రయాణం. ‘పానే ఎ పొమొదోరో’ అనే బీచ్‌కు టికెట్ లేదు. ఆ పేరుకు రొట్టె, టమాటా అని అర్థం. పాతబస్తీలో ఆర్కో బాస్సో సందులోకి వెళ్తే ఇళ్ల ముందు బల్లలు వేసుకుని ఆడవాళ్లు పాస్తా చేస్తుంటారు. పిండిని తాడులా చేసి, ముక్క కోసి, కత్తి మొనతో తమ వైపు లాగి, బొటనవేలి మీద తిరగేస్తారు. చిన్న చెవి ఆకారంలో ఒరెక్కియెత్తె అనే పాస్తా తయారవుతుంది. శాకాహారులకు టమాటాలు, ఆలివ్‌లు వేసిన ఫొకాచ్చా రొట్టె ఒక్కటి చాలు, కడుపు నిండుతుంది.

ఇక దరఖాస్తు. కావాల్సింది షెంగెన్ షార్ట్ స్టే (కొద్దిరోజుల) వీసా. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరిగే వీలున్న యూరప్ దేశాల కూటమి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 దాకా పడుతుంది. కాబట్టి రెండు నెలల ముందే కదలండి. పాస్‌పోర్టు పదేళ్లలోపు జారీ అయినదై ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా 3 నెలల గడువు, 2 ఖాళీ పేజీలు ఉండాలి. నింపి సంతకం చేసిన ఫారం, ఫొటోలు, రానుపోను విమానం రిజర్వేషన్, హోటల్ బుకింగ్, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా, కవరింగ్ లెటర్. ఉద్యోగులైతే శాలరీ స్లిప్పులు, సెలవు మంజూరు లెటర్. హోటల్ బుకింగ్ రద్దు చేసుకునే వీలున్నదైనా ఫర్వాలేదు గానీ, నిర్ణయం వచ్చేదాకా దాన్ని రద్దు చేయకండి. బంధువుల ఇంట్లో దిగితే వాళ్లు సంతకం పెట్టిన ఆహ్వాన పత్రం, గుర్తింపు కార్డు కాపీ కావాలి. మీరు చేరిన 48 గంటల్లో వాళ్లు అక్కడి పోలీసులకు మీ సంగతి తెలియజేయాలి కూడా, ముందే గుర్తు చేయండి.

కాగితాలు తీసుకునేదీ, వేలిముద్రలు వేయించేదీ హైదరాబాద్‌లో వీఎఫ్ఎస్ అనే ప్రైవేటు సంస్థ కేంద్రంలో. అక్కడివాళ్లు కాగితాలు పంపుతారు, అంతే. వీసా ఇవ్వాలా వద్దా అన్నది ఇటలీ కాన్సులేట్ తేలుస్తుంది. వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు వాళ్లకు లేదు. దీని మీద కేంద్రం సర్వీసు చార్జీ ఉంటుంది. లాంజ్, కొరియర్ లాంటివి మీ ఇష్టం, వాటివల్ల నిర్ణయం మారదు. స్లాట్ అమ్ముతామని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి. ‘ఇటలీ స్లాట్లు లేవు, వేరే దేశానికి వేద్దాం’ అన్నా అంతే. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలన్నది నియమం.

ఇప్పుడు అసలు సంగతి. ఎంత డబ్బు చూపించాలి? ‘తలకు ఐదు లక్షలు లేకపోతే ఫైలు ముట్టుకోరు’ అని మన దగ్గర ఒక మాట చలామణిలో ఉంది. ఇటలీ హోంశాఖ 2000 మార్చి 1న ఇచ్చిన ఆదేశంలో దీనికి పట్టిక ఉంది. 6 నుంచి 10 రోజుల ప్రయాణానికి ఒంటరిగా వెళ్తే రోజుకు 44.93 యూరోలు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి వెళ్తే ఒక్కొక్కరికి రోజుకు 26.33 యూరోలు. మాస్టారు దంపతుల తొమ్మిది రోజులకు లెక్కేస్తే ఇద్దరికీ కలిపి 474 యూరోలు. మన డబ్బులో అటూఇటూగా యాభై వేలు. ఇది కనీసపు గీత మాత్రమే, ఇంత ఉంటే వీసా ఖాయమని కాదు. టికెట్లు, గది ఖర్చు కూడా మీ రాబడికి తగ్గట్టు ఉన్నాయా అని చూస్తారు. అయినా గీత ఎక్కడుందో తెలిస్తే ఏజెంటు మాటకు భయపడరు.

స్టేట్‌మెంట్ చూసేవాళ్లు చివరి బ్యాలెన్స్ ఒక్కటే చూసి ఊరుకోరు. డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఎలా ఖర్చవుతోంది, ఈ మనిషి బతుకు ఇక్కడే ఉందా అన్నది వాళ్లకు కావాలి. నెలనెలా పడే పెన్షన్ దానికి మంచి సాక్ష్యం. ఎవరో వేసిన 5 లక్షలు ఆ సాక్ష్యాన్నే చెడగొడతాయి. ఆరు నెలల స్టేట్‌మెంట్ తీసుకుని, ప్రతి పేజీ మీదా బ్యాంకు ముద్ర, సంతకం వేయించండి. ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసిన ప్రింటుతో సరిపెట్టకండి.

పెద్ద మొత్తం నిజంగానే పడిందా? దాచాల్సిన పనేమీ లేదు, ఆ వరస పక్కన చిన్న గుర్తు పెట్టి, కవరింగ్ లెటర్‌లో ఒక్క వాక్యం రాయండి. చీటీ పాడితే చిట్ కంపెనీ రసీదు. స్థలం అమ్మితే రిజిస్ట్రేషన్ కాగితం. మిర్చి, పత్తి అమ్మిన డబ్బయితే మార్కెట్ తక్‌పట్టీ, దాంతో పట్టాదారు పాస్‌బుక్ కాపీ. అబ్బాయి ఖర్చు భరిస్తుంటే మీ ఖాతాలో వేయించుకోవడం కన్నా, అతని స్పాన్సర్ లెటర్, అతని స్టేట్‌మెంట్, మీ బంధుత్వం తెలిపే సర్టిఫికెట్ పెట్టడం మేలు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను విరగ్గొట్టకండి, బ్యాంకు ఇచ్చే సర్టిఫికెట్ చాలు. తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం జత చేయండి.

రైతులకు ప్రత్యేకంగా ఒక మాట. మీకు శాలరీ స్లిప్పు లేదని వెనక్కి తగ్గకండి. ఏడాదికి రెండుసార్లే డబ్బు పడే ఖాతా కూడా సరైన ఖాతానే, ఎందుకలా పడుతుందో అవతలివాళ్లకు అర్థమయ్యేలా రాస్తే చాలు.

తిరస్కరణ వస్తే ఆ సమాచారం షెంగెన్ వీసా వ్యవస్థలో ఐదేళ్ల దాకా ఉంటుంది. అలాగని తలుపు మూసుకున్నట్టు కాదు. 60 రోజుల్లో రోమ్‌లోని లాజియో పరిపాలనా న్యాయస్థానంలో అప్పీలుకు వెళ్లవచ్చు, కానీ అది వకీలు ఖర్చుతో కూడిన పని. మామూలు కుటుంబాలకు, పొరపాటు దిద్దుకుని మళ్లీ దరఖాస్తు పెట్టుకోవడమే దగ్గరి దారి. మాస్టారు చేసింది అదే. కొన్ని నెలలు ఆగి, పెన్షన్ ఖాతా ఉన్నదున్నట్టు, డిపాజిట్ సర్టిఫికెట్, పెన్షన్ పేమెంట్ ఆర్డర్ పెట్టారు. మొదటిసారి పడిన 5 లక్షలు తమవి కావని, మళ్లీ అలా జరగదని కవరింగ్ లెటర్‌లో తానే రాశారు. రాయడానికి ఆయన చెయ్యి రాలేదు, రాయమని నేను పట్టుబట్టాను. ఈసారి వీసా వచ్చింది.

స్టిక్కర్ చేతికొచ్చాక పేరు, పాస్‌పోర్టు నంబరు సరిచూసుకుని, ఎన్ని ఎంట్రీలు, ఎన్ని రోజులు అన్నవి చదవండి. రెండు తేదీల మధ్య అన్ని రోజులూ ఉండొచ్చని కాదు, రోజుల గడిలో ఉన్న సంఖ్యే లెక్క. బారీ రేవులో రాత్రిపూట అల్బేనియాకు ఓడలు బయల్దేరతాయి, టికెట్ చవకని చాలామందికి మనసు లాగుతుంది. అల్బేనియా, మాంటెనెగ్రో షెంగెన్‌లో లేవు. సింగిల్ ఎంట్రీ, అంటే ఒక్కసారే లోపలికి రానిచ్చే వీసాతో ఆ ఓడ ఎక్కితే మళ్లీ బారీలో దిగనివ్వరు, మీ తిరుగు విమానం అక్కడే ఉన్నా సరే. అదే గ్రీస్‌కో, క్రొయేషియాకో అయితే ఈ చిక్కు లేదు.

వీసా ఉన్నా సరిహద్దు అధికారి హోటల్ ఎక్కడ, డబ్బెంత తెచ్చారు అని అడగవచ్చు. బుకింగ్, బీమా, తిరుగు టికెట్ జిరాక్సులు చెక్‌ఇన్ సూట్‌కేసులో కాకుండా చేతి సంచీలో పెట్టుకోండి.