మీ నర్సింగ్ పరిశోధన జీవో దాకా వెళ్లాలంటే ఏం చేయాలి?

కావలసినవి: మీ థీసిస్, కాలిక్యులేటర్, రెండు తెల్లకాగితాలు. మూడో కాగితం వద్దు, చెప్పేదంతా ఆ రెండింట్లోనే. నూటయాభై పేజీల థీసిస్‌ను బైండు చేయించి ఇచ్చి వస్తే అది నేరుగా బీరువా ఎక్కుతుంది.

ముందు నిర్ణయం ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. రోస్టర్ (డ్యూటీల పట్టిక) మార్పైతే నర్సింగ్ సూపరింటెండెంట్‌తో అయిపోతుంది. కొత్త పోస్టులైతే ఆర్థికశాఖ ఒప్పుకోవాలి.

తర్వాత ఒకే ఒక్క కోరిక రాయండి. ‘ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి’ అనే వాక్యం కనిపిస్తే నేను అక్కడే కొట్టేస్తాను. ‘సర్జికల్ వార్డులో రాత్రి డ్యూటీకి ఇంకో స్టాఫ్ నర్సు’ అనండి.

ఇక అందరూ బోల్తాపడేది అంకెల దగ్గర. 2002లో అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అక్కడి పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయిన 2,32,342 మంది వివరాలు చూసింది. ఒక్కో నర్సు మీద ఒక్కో రోగి పెరిగేకొద్దీ 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేల్చింది. మా జూనియర్ ఒకమ్మాయి దీన్ని ‘నూటికి ఏడుగురు అదనంగా చనిపోతారు’ అని రాసి తెచ్చింది. అమ్మా, కాదు! అక్కడ చనిపోయింది వెయ్యికి దాదాపు 20 మంది. దాని మీద 7 శాతమంటే 20 కాస్తా 21 దాటుతుంది, అంతే. వినడానికి చిన్నదే, కానీ లక్షల ఆపరేషన్ల మీద లెక్కేసి చూడండి. పెంచి రాస్తే మాత్రం ఎదుటివాళ్లు ఒక్క ప్రశ్నతో కాగితం పక్కన పడేస్తారు.

ఇంకో జాగ్రత్త. ఆ అధ్యయనం చూపింది సంబంధాన్ని. నర్సులు తక్కువవడం వల్లే చనిపోయారని అది రుజువు చేయలేదు. ఆ మాట అధికారులు అడగకముందే మీరే రాసేయండి, దాని కిందే క్వీన్స్‌లాండ్ సంగతి పెట్టండి. ఆ ఆస్ట్రేలియా రాష్ట్రం 2016లో పగలు నలుగురు రోగులకు, రాత్రి ఏడుగురికి ఒక నర్సు ఉండాలని నిబంధన తెచ్చింది. అమలుచేసిన 27 ఆసుపత్రులను అమలుచేయని 28తో పోల్చిన అధ్యయనం 2021లో వచ్చింది. రోగులు తొందరగా ఇంటికెళ్లడం, మళ్లీ చేరేవాళ్లు తగ్గడం వల్ల మిగిలిన డబ్బు, అదనపు నర్సుల ఖర్చుకు రెట్టింపు. ఆర్థికశాఖ వాళ్లు చదివేది ఈ వాక్యమే.

పవర్‌పాయింట్ వద్దు. ఒక్క బొమ్మ చాలు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1858లో క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాల లెక్కను రంగుల ముక్కలుగా గీసి చూపించింది, మన స్లైడ్లు దాని ముందు ఏపాటి?

దసరాలోపు ఇచ్చేయండి, బడ్జెట్ ప్రతిపాదనలు వెళ్లాక ఇస్తే ఏడాది ఆగాలి. ఇచ్చాక ఇన్‌వర్డు నంబరు (కాగితం అందినట్టు ఆఫీసు వేసే నంబరు) తీసుకోకుండా కదలొద్దు.