ఫ్లూట్, క్లారినెట్ శ్రుతి కలవనప్పుడు

విజయనగరంలో మా బ్యాండు పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే: స్వరకర్త రాసిన బాణీ జోలికి పోవద్దు. ఎవరు ఊదాలి, ఏ స్థాయిలో ఊదాలి అన్నదే మార్చండి. అది కూడా మిగతావన్నీ చూశాకే.

ముందు వాయిద్యం వేడెక్కనివ్వండి. చల్లటి క్లారినెట్ కిందికి పలుకుతుంది, ఊదేకొద్దీ పైకి ఎక్కుతుంది. తర్వాత శ్రుతిపెట్టె ఆరున్నరకి, అంటే బీ ఫ్లాట్‌కి పెట్టి, బీ ఫ్లాట్ క్లారినెట్‌లో కాగితం మీది సీ ఊదించండి; అది చెవికి బీ ఫ్లాట్‌గానే పలుకుతుంది. రెండూ కలిస్తే నాదం నిలకడగా ఉంటుంది. ఉదాహరణకి ఒక స్వరం సెకనుకి 440 కంపనాల దగ్గర, ఇంకొకటి 442 దగ్గర ఉంటే సెకనుకి రెండుసార్లు అల లేచి పడుతుంది. ఆ అల చెవికి పడితే శ్రుతి చూపే మీటరు అక్కర్లేదు. శ్రుతి ఎక్కువైతే బ్యారల్ (మౌత్‌పీస్ కింద ఉండే చిన్న గొట్టం) కొంచెం బయటికి లాగాలి.

అప్పటికీ ఒకే చోట తేడా వస్తుంటే పిల్లల్ని తిట్టకండి. గట్టిగా ఊదితే ఫ్లూట్ పైకి పోతుంది, క్లారినెట్ కిందికి జారుతుంది. మెల్లగా ఊదితే తలకిందులు. ఇద్దరికీ ఒకే స్వరం ఇచ్చి రానురానూ జోరు పెంచమంటే చెరో దారి పడతారు. అక్కడ ఫ్లూట్‌ని ఒక స్థాయి పైకి పంపండి, లేదా ఒక్కరికే వదిలేయండి. ఇద్దరు కలిసి ఊదినప్పుడే తేడా బాగా బయటపడుతుంది, ముగ్గురైతే కొంత కలిసిపోతుంది.

క్లారినెట్‌లో రిజిస్టర్ (కింది స్థాయి నుంచి పై స్థాయికి) మారే ముందు వచ్చే ఏ, బీ ఫ్లాట్ బలహీనమైన స్వరాలు. కుడిచేతి రంధ్రాలు మూసి చూడండి, చాలాసార్లు కుదురుకుంటాయి.

మార్చేముందు స్వరకర్త అలా ఎందుకు రాశాడో ఆలోచించండి. బీథోవెన్ ఐదో సింఫనీ మొదటి భాగంలో ముందు హార్న్‌లు ఊదిన పిలుపు, మళ్లీ వచ్చేటప్పటికి బసూన్లకి ఉంటుంది. వేరే శ్రుతికి అంత త్వరగా మారడం ఆ కాలపు హార్న్‌లకి కుదరదు. అందుకే తర్వాతి కండక్టర్లు చాలామంది దాన్ని హార్న్‌లకే ఇచ్చారు, నాకు అది సబబే అనిపిస్తుంది. షూబర్ట్ సంగతి వేరు. ఆయన 1822లో మొదలుపెట్టి పూర్తిచేయని బీ మైనర్ సింఫనీలో తొలి బాణీని ఓబో, క్లారినెట్ ఒకే స్వరంలో ఎత్తుకుంటాయి. కలపడం కష్టమే. కానీ ఆ రెండూ కలిస్తేనే ఆ గొంతు పుడుతుంది. ఒకదాన్ని తీసేసే హక్కు మనకి లేదు. ప్రాక్టీసే పెంచండి.

ఏ మార్పైనా పెన్సిల్‌తోనే రాయండి. సిరిమాను సంబరం రోజు ఎండలో శ్రుతి ఇంకా పైకి ఎక్కుతుంది, గదిలో రాసుకున్నది అక్కడ చెరపాల్సి రావచ్చు.