తాబేలు వయసు లెక్కెట్టడం ఎలా

శ్రీకూర్మం గుళ్లో తాబేళ్లని చూసినోళ్లందరూ అడిగేది ఒకటే, "దీని వయసెంతుంటాదండీ?" అని. చూసే పద్ధతి ఉంది గానీ పూర్తిగా నమ్మెయ్యకండి.

నక్షత్ర తాబేలు డిప్ప మీద పసుపు గీతలుంటాయి కదా, వాటిని వదిలేయండి. నడి వీపు మీద ఒక పలక చూసుకుని, దాని మధ్యలో ఉన్న చిన్న పలక నుంచి అంచు దాకా గట్లు గట్లుగా ఉన్నవాటిని నెమ్మదిగా లెక్కెట్టండి. ఏడాదికి ఒక గట్టు అంటారు, కానీ వానలు పడి మేత బాగా దొరికితే రెండు కూడా వచ్చేస్తాయి, కరువొస్తే ఏమీ కనబడదు. ముసలి తాబేలైతే డిప్ప అరిగిపోయి మా నానమ్మ సన్నికల్లులా నున్నగా ఉంటాది, ఇంకేటి లెక్కెడతాం?

మరి రాక్షస తాబేళ్లకి 150, 190 ఏళ్లని ఎలా చెప్తారేటంటే, పాత కాయితాలు, ఫొటోలే ఆధారం. సెయింట్ హెలీనా ద్వీపానికి జొనాథన్ అనే రాక్షస తాబేలుని 1882లో సీషెల్స్ నుంచి తెచ్చారు, అప్పటికే పూర్తిగా ఎదిగిపోయింది కాబట్టి కనీసం 50 ఏళ్లనుకుని 1832లో పుట్టిందని లెక్కేశారు. కోల్‌కతా అలీపూర్ జూలో 2006లో పోయిన అద్వైత అనే రాక్షస తాబేలుకి 250 ఏళ్లంటారు, దానికి గట్టి రుజువు లేదు, నేనైతే లెక్కలోకి తీసుకోను.

అన్నట్టు, ఇంటికి తెచ్చుకుని లెక్కెడదామనుకునేరు, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుద్ది.