బయోమెడికల్‌లో పై చదువు – 3వ పాఠం: ప్రొఫెసర్ కెరీర్‌ను చదవడం

పోయిన పాఠంలో రాసుకోమన్న ప్రొఫెసర్ల పేర్లు ముందు పెట్టుకోండి. ర్యాంకుల సంగతి ఇవాళ వద్దు. పీహెచ్‌డీలో ఐదేళ్లు మీరు వేగాల్సింది గైడుతో.

ముందు ఒకరిది నేను చదివి చూపిస్తాను. ఎంఐటీలో రాబర్ట్ లాంగర్. 1970లో కార్నెల్‌లో కెమికల్ ఇంజనీరింగ్ డిగ్రీ, 1974లో ఎంఐటీ డాక్టరేట్. తోటివాళ్లు చాలామంది చమురు కంపెనీల దారి పడితే, ఈయన బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సర్జన్ జూడా ఫోక్‌మన్ ల్యాబులో చేరారు. కణితికి రక్తనాళాలు పెరగకుండా ఆపే పదార్థం కోసం ఫోక్‌మన్ వెతుకుతున్నారు. దాన్ని పరీక్షించాలంటే ప్రొటీన్‌ను రోజుల తరబడి కొద్దికొద్దిగా వదిలే సాధనం కావాలి. అది పాలిమర్‌తో సాధ్యమేనని 1976లో ఇద్దరూ ‘నేచర్’ పత్రికలో చూపించారు. ఆ తర్వాతైనా దారి సాఫీగా లేదు. తన మొదటి తొమ్మిది గ్రాంటు దరఖాస్తులూ తిరిగొచ్చాయని లాంగరే చెబుతుంటారు. అవార్డుల జాబితా ఎవరైనా చదువుతారు. మీరు పట్టుకోవాల్సింది ఆ ఇంజనీరును ఆసుపత్రికి తీసుకెళ్లిన ప్రశ్న.

ఇక మీరు రాసుకున్న ప్రొఫెసర్ల పేర్లు. గూగుల్ స్కాలర్‌లో వాళ్ల పరిశోధన పేపర్లను సంవత్సరం వారీగా పెట్టండి. లేకపోతే పేరొచ్చిన పాతవే పైన కనిపిస్తాయి, ఆయన ఆ పని మానేసి పదేళ్లై ఉండొచ్చు. ఈ రంగంలో చివరి పేరు సాధారణంగా ల్యాబు పెద్దది, మొదటి పేరు పని చేసిన విద్యార్థిది. ఆ మొదటి పేర్లు వరసగా చూసి, వాళ్లు ఇప్పుడెక్కడున్నారో వెతకండి. గైడు ఎలాంటివాడో వెబ్‌పేజీ కంటే వాళ్ల ఉద్యోగాలే బాగా చెబుతాయి. అమెరికా ప్రొఫెసరైతే, అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చిన గ్రాంటుల వివరాలుండే ‘ఎన్‌ఐహెచ్ రిపోర్టర్’ వెబ్‌సైటులో ప్రాజెక్టు ముగిసే తేదీ కూడా దొరుకుతుంది. వచ్చే ఏడాదితో డబ్బు అయిపోతుంటే, కొత్త విద్యార్థిని తీసుకుంటారా అని మొహమాటం లేకుండా అడగండి.

మన దేశంలోనే చదవాలనుకుంటే, ఎంటెక్, పీహెచ్‌డీ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో 2020 నుంచి బయోమెడికల్ పేపరు ఉంది. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గైడును వెతికే పద్ధతి మాత్రం ఇదే.

ఈ వారం పని: ఒక ప్రొఫెసరుకు మూడు వాక్యాలు రాయండి. పల్స్ ఆక్సీమీటరు మీద ప్రాజెక్టు చేసిన ఈసీఈ అమ్మాయి అయితే ఇలా: “వేలు కదిలినప్పుడు రీడింగ్ చెడకుండా ఫిల్టరు రాశాను. మీ పోయినేడాది పేపరులో అదే సమస్యకు యాక్సెలరోమీటరు వాడారు. సెన్సరు చెవికి మారిస్తే ఆ పద్ధతి నిలుస్తుందా?” ‘చిన్నప్పటి నుంచి వైద్యరంగం అంటే ఆసక్తి’ అన్న వాక్యం వద్దు, అది అందరి ఉత్తరాల్లోనూ ఉంటుంది.

చెప్పుకోవడానికి ప్రాజెక్టు లేదంటారా? విశాఖలో ఉండి ఆ మాట అనకూడదు. పెదగంట్యాడ వైపు మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారవుతున్నాయి, అలాంటి పరికరాలు వాడే పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఇదే ఊళ్లో ఉంది. ఇంటర్న్‌షిప్‌కు ముందు అక్కడ అడగండి. అమెరికా పీహెచ్‌డీ గడువులు చాలావరకు డిసెంబరులోనే కాబట్టి, ఈ ఉత్తరం సెప్టెంబరుకల్లా వెళ్లాలి.

4వ పాఠంలో ఎస్‌ఓపీ (దరఖాస్తుతో పంపే, ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) మొదటి పేరా రాద్దాం. ఆ మూడు వాక్యాలు దగ్గర పెట్టుకుని రండి.