చిన్న కన్సల్టెన్సీ చేసిన పనికి అవార్డు ఫైల్ ఎట్ల తయారు చేస్కోవాలె

హనుమకొండల, కరీంనగర్‌ల, నిర్మల్‌ల నలుగురైదుగురితోని కన్సల్టెన్సీ ఆఫీసు నడిపెటోళ్లు చానామంది ఉన్నరు. చెరువు కట్ట డీపీఆర్ (పని మొత్తం వివరాల రిపోర్ట్), నాలా డిజైన్, డంపింగ్ యార్డ్ సర్వే అన్నీ వాళ్లే చేస్తరు, గని పని అయినంక శిలాఫలకం మీద లీడర్ల పేర్లుంటయి, బోర్డు మీద కాంట్రాక్టర్ పేరుంటది, డిజైన్ చేసినోళ్ల పేరు ఎక్కడా కనపడది. నాకు ఇది మస్తు బాధ అనిపిస్తది. మంచి పని చేసినోళ్లు అవార్డుకు అప్లై చేసుడు తప్పేం కాదు, చెయ్యాల్సిందే.

ఎక్కడ చెయ్యాలె అంటె, ముందు దగ్గర నుంచి మొదలుపెట్టుండ్రి. ఖైరతాబాద్ విశ్వేశ్వరయ్య భవన్‌ల ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ తెలంగాణ సెంటర్ ఉంది. జులై 11 నిజాంసాగర్ కట్టిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ జయంతి, అది మన తెలంగాణ ఇంజనీర్స్ డే, సెప్టెంబర్ 15 విశ్వేశ్వరయ్య గారిది, దేశమంతటా చేస్తరు. ఈ రెండు తారీఖులు క్యాలెండర్‌ల గుర్తు పెట్టుకొని రెండు మూడు నెలల ముందునుంచే అవార్డు నోటిఫికేషన్లు చూస్తుండాలె. కాంక్రీట్ పని అయితె ఇండియన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కన్సల్టెన్సీ సంస్థలకైతె కన్సల్టింగ్ ఇంజనీర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, దాని పైన ప్రపంచ స్థాయిల 1913ల పుట్టిన ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య). మొదటిసారే ఫిడిక్‌కు పోవొద్దని నా అభిప్రాయం, రాష్ట్రంల ఒకసారి పెడితె ఫైల్‌ల ఏం తక్కువ పడ్డదో తెలుస్తది.

మీరు అప్లై చెయ్యకుండానే ఫోన్ చేసి సార్ మీరు సెలెక్ట్ అయిన్రు, స్టేజీ ప్యాకేజీకి ఇంత కట్టుండ్రి అంటె ఆ ఫోన్ పెట్టేయుండ్రి. ఎంట్రీ ఫీజు వేరు, అది మంచి సంస్థలు కూడ తీస్కుంటయి. జ్యూరీల ఎవరున్నరు, దేనికి ఎన్ని మార్కులు, పోయిన ఏడు ఎవరికొచ్చింది, ఈ మూడు ముందే చెప్పని దానికి పైసలు కట్టొద్దు.

ఇగ అసలు ముచ్చట. చానామంది పని అయినంక రిబ్బన్ కటింగ్ ఫొటోలు, బిల్డింగ్ ఫొటోలు పెట్టి పంపుతరు. కట్టింది కాంట్రాక్టర్ కద, మరి మీరేం చేసిన్రు? కన్సల్టెంట్ పని అంటె నిర్ణయం. డిపార్ట్‌మెంట్ ఏం అడిగింది, మీరు సైట్ చూసి ఏం మార్చమన్నరు, ఎందుకు మార్చమన్నరు, దానితోని ఏం తేడా వచ్చింది, ఈ నాలుగు ముక్కలు మొదటి పేజీలనే ఉండాలె. ఉదాహరణకు నాలాకు రెండు దిక్కుల కాంక్రీట్ గోడ లేపుదాం అని ప్రతిపాదన ఉందనుకోండ్రి, మీరు లెవెల్స్ తీసి గోడ కాదు కింద కల్వర్ట్ చిన్నగుంది, అదే నీళ్లను ఎనకకు తంతుంది, దాన్ని పెద్దది చేస్తె సాలు అని చెప్పిన్రు, అట్లయితె ఆ లెక్కనే మీ అవార్డు ఫైల్.

అందులనే వాన లెక్క తప్పకుండ రాయాలె. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 64.98 సెంటీమీటర్లు పడ్డది, వరంగల్ కాలనీలు మునిగినయి, అంత చూసినంక ఓరుగల్లు దిక్కు ఏ నాలా డిజైన్‌కైన ఎన్నేండ్లకొకసారి వచ్చే వాన తీస్కున్నరు, అంతకు మించితె నీళ్లు ఎటు పోతయి అని జ్యూరీల అడుగుతరు. మొదటిదానికి జవాబు అందరు రాస్తరు. రెండోదానికి, అంటె మత్తడి (అలుగు) మీదికెళ్లి ఎంత పోతది, ఏ గల్లీ దిక్కు పోతది, అక్కడ ఎవరుంటరు అనేదానికి జవాబు రాసినోళ్లు తక్కువ, రాసినోళ్ల ఫైల్ వేరేగ కనపడ్తది.

ఎన్విరాన్‌మెంట్ పనులల్ల ఇంకో సంగతి. చెరువు నీళ్లు శుభ్రమైనయి అని రాసుడు కాదు, పని మొదలుపెట్టక ముందు శాంపిల్ రిపోర్ట్ ఉండాలె, అది కూడ గుర్తింపు ఉన్న ల్యాబ్‌ది. మే నెలల శాంపిల్ తీసి, పని అయినంక అక్టోబర్ల తీసి బీవోడీ (నీళ్లల్ల మురికి ఎంతుందో చెప్పే లెక్క) తగ్గిందంటె అది మీ పని గొప్పతనమో వాన నీళ్లు కలిసి పల్చబడ్డదో ఎవరు చెప్తరు? అదే చోట, అదే సీజన్‌ల, అదే లోతుల తియ్యాలె. పూడిక పనికైతె తవ్వకముందు టోటల్ స్టేషన్ (సర్వే మిషన్) లెవెల్స్, తవ్వినంక లెవెల్స్, నీళ్లు నిండినంక మళ్ల తియ్యలేం కాబట్టి ఎండకాలంలనే అయిపోవాలె. ఈఐఏ (ప్రాజెక్టుతోని పర్యావరణానికి ఏమైతదో చూసే అధ్యయనం) పని ఉంటె క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వాళ్ల నాబెట్ అక్రిడిటేషన్ ఉన్న సంస్థ పేరు మీదనే రిపోర్ట్ పోతది, మీరు అందుల ఏ భాగం చేసిన్రో అంతవరకే రాస్కోండ్రి.

ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారి దగ్గర కంప్లీషన్ సర్టిఫికెట్, డ్రాయింగులు ఫొటోలు వాడుకోవొచ్చని లెటర్, రెండూ పని నడుస్తున్నప్పుడే అడిగి పెట్టుకోండ్రి, సార్ ట్రాన్స్‌ఫర్ అయి పోయినంక మస్తు తిరుగుడు అయితది. ఆ సర్టిఫికెట్ ఊకెనే పోదు, క్యూసీబీఎస్ (క్వాలిటీ, ధర రెండూ చూసే) టెండర్లల్ల మార్కులు అవార్డులకు పెద్దగ పడయి, ఇట్లాంటి పని ముందు చేసిన్రా, టీంల ఎవరున్నరు అనేదానికి పడ్తయి, అదే కాయితం రెండు దిక్కుల పనికొస్తది.

పాత చెరువులు, ఆనకట్టల పని చేసెటోళ్లకు ఇంకో దారి ఉంది. ఐసీఐడీ (సాగునీరు, డ్రైనేజీ అంతర్జాతీయ కమిషన్) వాళ్లు వందేండ్లు దాటిన సాగునీటి కట్టడాలకు వారసత్వ గుర్తింపు ఇస్తరు, 2018ల నిర్మల్ జిల్లా సదర్మాట్ ఆనకట్టకు, కామారెడ్డి పెద్ద చెరువుకు వచ్చింది. అవార్డు కట్టడానికి, మీకు కాదు, గని పాత రికార్డులు, ఆయకట్టు లెక్కలు, తూముల కొలతలు వెతికి ఫైల్ కట్టుడు ఇంజనీర్ పనే. మా దిక్కు అసొంటి చెరువులు ఎన్ని ఉన్నయో, ఒక్కోదానికి ఒక్కో ఇంజనీర్ కూసుంటె బాగుండు.

టీం లిస్టుల సర్వేకు పోయిన పిలగాండ్ల పేర్లు, ఆటోక్యాడ్ గీసినోళ్ల పేర్లు రాయుండ్రి, డిజైన్ ప్రూఫ్ చెకింగ్ (లెక్కలు మళ్ల సరిచూసుడు) చేసిన ప్రొఫెసర్ గారి పేరు అడిగి రాయుండ్రి. అవార్డు రాకపోతె జ్యూరీకి మెయిల్ పెట్టి ఏం తక్కువైందో అడగాలె, వచ్చే ఏడు ఇంకో వానకాలం డేటా కలిపి అదే ప్రాజెక్టు మళ్ల పంపొచ్చా అనేది కూడ అదే మెయిల్‌ల అడగాలె.