జాకెట్ మార్చే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి

"నడిచినంతసేపూ బాగానే ఉంటోంది, ఆగగానే వణుకు మొదలు. ఇంకా మందం జాకెట్ ఏది కొనాలి?" చలికాలంలో క్లైంబింగ్‌కు వెళ్లే ఆడవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. జాకెట్ పేరు చెప్తారు, రేటు చెప్తారు, ఎంత ఎత్తుకు వెళ్లారో చెప్తారు. ఆగిన పది నిమిషాలకు లోపలి బట్ట తడిగా ఉందా, పొడిగా ఉందా అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. ఎందుకంటే చూడలేదు. గ్లవ్ తీసి, జిప్ కిందికి లాగి, ఒంటికి ఆనుకున్న బట్టను వేళ్లతో ముట్టుకోవడానికి అర నిమిషం పట్టదు. ఆ పని చేశాకే మిగతాది చదవండి. ఒంటికి ఆనుకునే బేస్ లేయర్, దాని మీద వెచ్చటి ఫ్లీస్, గాలిని, మంచును ఆపే షెల్, ఆగినప్పుడు పైన వేసుకునే బిలే జాకెట్ అనే వరస మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ఆగిన కాసేపటికే ఛాతీ కింద, వీపు మధ్యలో చల్లబడుతోంది

నన్ను ముప్పుతిప్పలు పెట్టిన కేసులన్నీ ఇక్కడివే. మెరినో ఉన్ని బేస్ లేయర్, మంచి ఫ్లీస్, ఖరీదైన డౌన్ (పక్షుల మెత్తటి నూగు ఈకలు) జాకెట్, అన్నీ సరిగ్గానే ఉంటాయి. మణికట్టు దగ్గర ముట్టుకుంటే బేస్ లేయర్ పొడిగానే తగులుతుంది. దాంతో చెమట సంగతి పక్కన పెట్టేసి జాకెట్ మీద పడతారు.

ప్యాకింగ్ జాబితాలు చాలావరకు బేస్ లేయర్ దగ్గర మొదలవుతాయి. దాని కింద ఇంకో బట్ట ఉంటుందన్న సంగతి రాసేవాళ్లకు తట్టదు. ఆ బట్ట బ్రా. మామూలు స్పోర్ట్స్ బ్రాలో నీళ్లు పట్టుకునేవి మూడు: కాటన్ లైనింగ్, ఫోమ్ కప్పులు, కింద ఉండే వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ. చెమట బాగా పట్టే చోట్లే ఇవి ఉంటాయి. పైగా వీపు మీద బ్యాగు, ముందు దాని పట్టీలు నొక్కిపెట్టి ఉంటాయి కాబట్టి గాలి ఆడదు. ఫోమ్ కప్పు పాత్రలు తోమే స్పాంజిలా పీల్చుకుని కూర్చుంటుంది. పైన ఎంత మంచి మెరినో వేసినా అందులోని తడిని లాగలేదు.

నడుస్తున్నంతసేపూ ఆ తడి వెచ్చగానే ఉంటుంది, తెలియదు. బిలే దగ్గర, అంటే ఎక్కే తోటివారి తాడు పట్టుకుని ఒకేచోట నిలబడ్డాక లెక్క మారుతుంది. గాలితో పోలిస్తే నీరు వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. ఇక ఆరడానికి ఒక్కో గ్రాము చెమటకు దాదాపు 2,400 జౌళ్ల వేడి కావాలి. బ్రాలో 30 గ్రాముల తడి నిలిచిందనుకోండి. అది ఆరడానికి 72,000 జౌళ్లు. కదలకుండా నిలబడ్డ మనిషి ఒంట్లో పుట్టే వేడి సుమారు 100 వాట్లు (సెకనుకు 100 జౌళ్లు). అంటే పన్నెండు నిమిషాలపాటు పుట్టిన వేడంతా ఆ బట్ట ఆరబెట్టడానికే సరిపోతుంది. వేళ్లకు, పాదాలకు ఇంకేం మిగులుతుంది? పైన మందం జాకెట్ వేస్తే ఆవిరి బయటికి పోవడం ఇంకా నెమ్మదిస్తుంది, కొంత తేమ డౌన్‌లోకి చేరుతుంది.

అనుమానం తీర్చుకోవడం సులువు. ఆగిన చోట మణికట్టు దగ్గర కాదు, రొమ్ముల మధ్య పట్టీ కిందికి వేలు పోనిచ్చి చూడండి. ఇంట్లోనైతే మీ బ్రా, బేస్ లేయర్ రెండూ తడిపి, గట్టిగా పిండి, పక్కపక్కనే ఆరేయండి. బేస్ లేయర్ ఆరిపోయాక కూడా బ్రా పట్టీ చెమ్మగా ఉంటే దొంగ దొరికినట్టే.

పరిష్కారానికి కొత్త జాకెట్ అక్కర్లేదు. లేబుల్ పూర్తిగా చదవండి. పైన నైలాన్ అని ఉండి లైనింగ్ దగ్గరికి వచ్చేసరికి కాటన్ ఉండే రకాలు చాలానే ఉన్నాయి. ప్యాడ్లు బయటికి వచ్చేవైతే తీసి ఇంట్లో పెట్టండి. కుట్టేసినవైతే ఆ బ్రాను చలికాలపు క్లైంబింగ్‌కు వాడకండి. కావలసింది పలచటి పాలిస్టర్, నైలాన్ లేదా మెరినో, సన్నటి పట్టీ. "సపోర్ట్ సరిపోదేమో" అంటారు. పరుగులో ఉండే కుదుపు నడకలో, ఎక్కడంలో ఉండదు. పరుగు కోసం కొన్న గట్టి బ్రా ఇక్కడ అవసరానికి మించినది. ఛాతీ పెద్దదైతే ఒక మందపు బ్రాకు బదులు పలచటి బ్రా, దాని మీద ఒంటికి అతుక్కునే బేస్ లేయర్ వేసి చూడండి, చాలామందికి సరిపోతుంది.

ఎక్కడం మొదలయ్యే చోట, హార్నెస్ (నడుముకు, తొడలకు బిగించుకునే తాడు పట్టీలు) కట్టుకోక ముందే, గాలి తగలని మూల చూసుకుని పొడి బ్రా, పొడి బేస్ లేయర్ మార్చేసుకోండి. వెనక హుక్స్ ఉన్న రకమైతే చెమట ఒంటి మీద తల పైనుంచి లాగే తంటా ఉండదు. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు, సింథటిక్ బట్టకు చెమటను లాగే గుణం పోతుంది. చెమట పట్టకూడదంటే నడక మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగా ఉండాలన్నది అందరికీ తెలిసిందే, చేసేవాళ్లే తక్కువ.

లోపల పొడిగానే ఉంది, అయినా జాకెట్ వెచ్చగా లేదు

అప్పుడు జాకెట్‌ను అనుమానించండి. 800 ఫిల్ పవర్ అని చూసి కొంటారు. ఒక ఔన్సు డౌన్ ఎన్ని ఘనపుటంగుళాలు ఉబ్బుతుందో మాత్రమే ఆ అంకె చెప్తుంది, లోపల ఎంత డౌన్ నింపారో చెప్పదు. 650 ఫిల్ డౌన్ 200 గ్రాములున్న జాకెట్ ముందు 800 ఫిల్ డౌన్ 90 గ్రాములున్నది నిలవదు. అదే పేరుతో అమ్మే ఆడవాళ్ల మోడల్‌లో డౌన్ తక్కువగా ఉండొచ్చు, నడుము బిగుతుగా కుట్టి ఉండొచ్చు. గ్రాములు అడగండి. చెప్పకపోతే వేరేది చూడండి.

బిలే జాకెట్‌ను మీరు వేసుకునే బట్టలన్నిటి మీద, హెల్మెట్ పెట్టుకుని వేసి చూడండి. ఛాతీ దగ్గర, తుంటి దగ్గర లాగినట్టుంటే అక్కడ డౌన్ అణిగిపోతుంది, అణిగిన డౌన్ వెచ్చదనం ఇవ్వదు. ఒక సైజు పెంచండి. ఆడవాళ్ల రకాల్లో దొరకకపోతే మగవాళ్ల చిన్న సైజు తీసుకోండి, అందులో నామోషీ ఏం లేదు. 1975లో ఎవరెస్ట్ ఎక్కిన మొదటి మహిళ జుంకో తబెయి, ఆమె బృందం పాత కారు సీట్ల కవర్లతో గ్లవ్స్ మీద తొడిగేవి కుట్టుకున్నారు.

చేతులెత్తితే నడుము దగ్గర గాలి దూరుతోంది

జాకెట్ పొట్టి, లేదా చంకల దగ్గర గుడ్డ చాలలేదు. కొట్టులోనే హార్నెస్ కట్టుకుని, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) పైన కొట్టినట్టు రెండు చేతులూ పైకెత్తండి. అంచు హార్నెస్‌లోంచి బయటికొస్తే కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే పొడవాటి బేస్ లేయర్ లోపలికి దోపుకోండి, లేదా ఛాతీ దాకా వచ్చే బిబ్ ప్యాంటు వేసుకోండి.

వేళ్లు మొద్దుబారుతున్నాయి

గ్లవ్ బిగుతుగా ఉందా, సాక్స్ మీద సాక్స్ వేసి బూటు ఇరుకు చేశారా చూడండి. రెండూ కాకపోతే నీళ్లు ఎన్ని తాగారో నిజం చెప్పండి. హార్నెస్‌తో మూత్రానికి వెళ్లడం తంటా అని ఉదయం నుంచి గుక్కెడు కూడా తాగని వాళ్లు చాలామంది. నీళ్లు తగ్గితే చేతులకు, కాళ్లకు రక్తం సరిగ్గా అందదు. వెనక జిప్ ఉండే ప్యాంటు, తొడ పట్టీలను వెనక ఎలాస్టిక్ దగ్గర విప్పుకునే వీలున్న హార్నెస్ తీసుకోండి. నడుము బెల్టు మాత్రం విప్పకూడదు. ఇంట్లో రెండుసార్లు సాధన చేస్తే టెన్షన్ ఉండదు.

మిగతావి అరుదు. డౌన్ ఉండలు కట్టి ఉంటే డౌన్ కోసం అమ్మే సబ్బుతో ఉతికి పూర్తిగా ఆరబెట్టండి. చలికి వేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలమైతే, లేదా ఇంట్లో కూర్చున్నా ఎప్పుడూ చలేస్తుంటే డాక్టర్‌కు చూపించుకోండి. రక్తహీనతకు, థైరాయిడ్‌కు జాకెట్లు అమ్మే కొట్లో మందు దొరకదు.