సింథియా చేతిలో మళ్ళీ ఓడారా? ఎక్కడ దెబ్బ తిన్నారో ముందు చూడండి

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా నా పని. తెల్లవారుజామున రొయ్య నీటిపైకి తేలి ఒడ్డుకు చేరుతుంటే అనుభవమున్న రైతు వెంటనే మందు డబ్బా తెరవడు. ఏరేటర్లు తిరుగుతున్నాయా, నిన్న మేత ఎక్కువ పడిందా, చెక్ ట్రేలో ఎంత మిగిలింది అని వరసగా చూస్తాడు. పైకి కనిపించేది ఒకటే అయినా కారణాలు నాలుగైదు ఉంటాయి, ఒక్కో కారణానికి చేయవలసిన పని వేరు.

పోకెమాన్ అనే జీవులను పట్టి, పెంచి, పోరాడించే పోకెమాన్ డైమండ్, పర్ల్, ప్లాటినం వీడియో ఆటల్లో చివర ఎదురయ్యే చాంపియన్ సింథియా విషయంలోనూ నేను అదే పద్ధతి పాటిస్తాను. ఒంగోలులో ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు మొన్న రాత్రి పన్నెండు దాటాక ఫోన్ చేశాడు.

"మామయ్యా, ఎనిమిదోసారి ఓడిపోయాను. ఇంకో పది లెవెళ్ళు పెంచితే సరిపోతుందా?"

"ఆమె ఆరింటిలో దేని చేతిలో ఎక్కువ పోయాయిరా నీవి?"

"అది చూసుకోలేదు మామయ్యా."

వాడి అసలు ఇబ్బంది అదే. మీరు కూడా ఈసారి పక్కన ఒక కాగితం పెట్టుకుని ఆడండి. మీ పోకెమాన్ పడిపోయిన ప్రతిసారీ ఎవరు కొట్టారో, ఏ దెబ్బతో కొట్టారో రాయండి. ఒక్క ఆటకే కారణం బయటపడుతుంది. ఆ తరువాత కింద మీ లక్షణం ఎక్కడుందో వెతుక్కోండి.

ముందుగా ఆమె జట్టు, పేరు పక్కనున్నది దాని లెవెల్. డైమండ్, పర్ల్‌లో స్పిరిటూంబ్ 61, రోజ్‌రేడ్ 60, గాస్ట్రోడాన్ 60, లుకారియో 63, మిలోటిక్ 63, గార్‌చాంప్ 66. ప్లాటినంలో లెవెళ్ళు కాస్త తక్కువ: స్పిరిటూంబ్, రోజ్‌రేడ్, మిలోటిక్ మూడూ 58, లుకారియో 60, గాస్ట్రోడాన్ బదులు వచ్చే టోగెకిస్ 60, గార్‌చాంప్ 62. మొదట దిగేది స్పిరిటూంబ్.

లక్షణం: గార్‌చాంప్ దిగగానే వరసగా మూడు పడిపోతున్నాయి, నాకు కొట్టే వంతే రావడం లేదు

నాకు వచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా ఇదే. దెబ్బ గట్టిది కాబట్టి ఓడుతున్నామని అందరూ అనుకుంటారు. నిజమే, దాని దాడి బలం ఎక్కువే. కానీ మొదటి కారణం వేగం. గార్‌చాంప్ మూల వేగం, అంటే ఆ జాతికి సహజంగా ఉండే వేగం, 102. స్టారాప్టర్‌కు 100, లక్స్‌రేకు 70. అంటే మనం సాధారణంగా పెంచుకునే వాటిలో ఎక్కువ భాగం దానికంటే వెనకే. అది ముందు కొడుతుంది, మనది పడిపోతుంది, మనం ఎంచుకున్న మూవ్ వాడకుండానే పోతుంది. లెవెల్ ఐదు పెంచినా ఈ క్రమం పెద్దగా మారదు.

చాలామంది ఇక్కడ చేసే పొరపాటు థండర్ వేవ్ వేసి దాని వేగం తగ్గించాలనుకోవడం. గార్‌చాంప్ డ్రాగన్, నేల రకాలు కలిసినది. నేల రకం మీద విద్యుత్తు దెబ్బ ఏదీ పనిచేయదు, థండర్ వేవ్ కూడా అంతే. ఆ వంతు వృథా.

ఆ రెండు రకాలకూ మంచు పడదు కాబట్టి మంచు దెబ్బ దానికి నాలుగు రెట్లు తగులుతుంది. ఇది చాలామందికి తెలుసు. తెలిసీ ఓడుతున్నారంటే మంచు దెబ్బ ఉన్న పోకెమాన్‌కు కొట్టే అవకాశమే దొరకడం లేదన్నమాట. అందుకని వేగంతో సంబంధం లేకుండా ముందు తగిలే మంచు దెబ్బ కావాలి. దాని పేరు ఐస్ షార్డ్. బలం 40 మాత్రమే, చూస్తే చిన్నది. కానీ మంచు రకం పోకెమాన్ కొడితే ఒకటిన్నర రెట్లు, గార్‌చాంప్ మీద నాలుగు రెట్లు, మొత్తం 240 బలానికి సమానం. పైగా ఎదుటివాడు ఎంత వేగవంతుడైనా ముందు మనదే తగులుతుంది.

నేను నమ్మేది అబోమాస్నోను. 216వ రూట్ మంచులో స్నోవర్‌ను పట్టుకోండి. 26వ లెవెల్లో ఐస్ షార్డ్ వస్తుంది, 40లో అబోమాస్నోగా మారుతుంది. ఈ మూవ్‌ను చిన్నదని మధ్యలో తీసేసిన వాళ్ళు కంగారు పడనక్కర లేదు. పాస్టోరియా పట్టణంలో మూవ్‌లు గుర్తుచేసే ఆయనకు ఒక హార్ట్ స్కేల్ ఇస్తే తిరిగి నేర్పుతాడు. హార్ట్ స్కేల్‌లు భూగర్భంలో తవ్వితే దొరుకుతాయి.

అబోమాస్నో రంగంలోకి దిగగానే వడగళ్ళు మొదలవుతాయి. మంచు రకం కాని ప్రతి పోకెమాన్‌కూ ప్రతి వంతు చివర ఆరోగ్యంలో పదహారో వంతు తగ్గుతుంది. దాదాపు 60వ లెవెల్లో ఉన్న నా అబోమాస్నో ప్లాటినంలో ఎలా గెలిచిందో వరసగా చెబుతాను. మొదటి ఐస్ షార్డ్‌కు గార్‌చాంప్ ఆరోగ్యపు గీత సగానికి వచ్చి పచ్చ నుంచి పసుపుకు మారింది. తరువాత అది డ్రాగన్ రష్ కొట్టింది. నా అబోమాస్నో పావు వంతు ఆరోగ్యంతో నిలబడింది. వడగళ్ళు పడ్డాయి, గార్‌చాంప్ గీత ఇంకో నూలు పోగంత తగ్గింది. రెండో ఐస్ షార్డ్‌కు గీత ఖాళీ అయింది. చెరువు గట్టు మీద గొంతెత్తి అరిచాను, పక్క గట్టు కాపలాదారు లైటు వేసి ఏమైందని అడిగాడు.

నేల దెబ్బ అబోమాస్నోకు సగమే తగులుతుంది కాబట్టి ఎర్త్‌క్వేక్ భయం లేదు. నిండు ఆరోగ్యంతో దింపడమే ముఖ్యం. సగం ఆరోగ్యంతో దింపితే డ్రాగన్ రష్‌కు పోతుంది.

ఇంకో మాట. జట్టులో ఇసుక తుఫాను తెచ్చే హిప్పోడాన్ ఉంటే ఈ పోరుకు పక్కన పెట్టండి. గార్‌చాంప్‌కు ఇసుకలో దెబ్బలు తప్పించుకునే సాండ్ వెయిల్ అనే గుణం ఉంది. చేజేతులా దానికి రక్షణ గోడ కట్టి ఇచ్చినట్టే.

లక్షణం: మిలోటిక్‌కు విద్యుత్తు పడదని తెలిసి కొడితే నాదే పడిపోయింది

దీన్ని చూసి ఆట తప్పని అనుకునే పిల్లలు ఉన్నారు. తప్పు కాదు, మిర్రర్ కోట్ అనే మూవ్. దెబ్బలు ఫిజికల్, స్పెషల్ అని రెండు తరహాలు. మిలోటిక్ తన మీద పడిన స్పెషల్ దెబ్బను రెండింతలు చేసి తిప్పికొడుతుంది. ఆ వంతులో అది చివర పనిచేస్తుంది. మీ దెబ్బకు మిలోటిక్ అక్కడికక్కడే పడిపోతే తిప్పికొట్టేది ఎవరూ ఉండరు. కానీ స్పెషల్ దెబ్బను కాచుకోవడంలో దాని మూల బలం 125, ఒక్క దెబ్బకు పడదు. అందుకే థండర్‌బోల్ట్ వేసిన లక్స్‌రే తన దెబ్బకు తనే కూలుతుంది.

పరిష్కారం ఫిజికల్ దెబ్బ. మిర్రర్ కోట్ దాన్ని తిప్పికొట్టలేదు. పైగా మిలోటిక్ ఫిజికల్ రక్షణ 79 మాత్రమే. అంతకుముందు ఆటల్లో రకాన్ని బట్టి విద్యుత్తు దెబ్బలన్నీ స్పెషల్‌గా ఉండేవి. 2006లో వచ్చిన డైమండ్, పర్ల్ నుంచి ఒక్కో మూవ్‌కు విడివిడిగా ఇది నిర్ణయమైంది. పాత ఆటలు ఆడి వచ్చిన వాళ్ళు ఇక్కడే జారుతారు. మూవ్ వివరాల పేజీలో ఏ గుర్తు ఉందో చూడండి. లక్స్‌రేకు థండర్ ఫాంగ్ ఫిజికల్. దాని సొంత బలం కూడా ఫిజికల్ వైపే ఎక్కువ: 120, స్పెషల్ వైపు 95. అబోమాస్నో ఉంటే వుడ్ హామర్ ఇంకా మంచిది, 120 బలం. కొట్టిన దానిలో మూడో వంతు మనకూ తగులుతుంది, ఆ లెక్క గుర్తుంచుకోండి.

మిలోటిక్‌ను పక్షవాతానికి గురిచేయడం, కాల్చడం, విషం పెట్టడం లాంటివి చేయకండి. అలాంటి బాధ ఏదైనా తగిలితే మార్వెల్ స్కేల్ అనే గుణం వల్ల దాని ఫిజికల్ రక్షణ ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. బలహీనమైన వైపును మనమే గట్టి చేసినట్టవుతుంది.

లక్షణం: మొదట తీసుకున్న పోకెమాన్ 75 దాటింది, అయినా ఓడుతున్నాను

ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ చూసిన వాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. కాడికి ఒక వైపు మేలైన గిత్త, మరో వైపు బక్కది కడితే కాడి వంకర తిరుగుతుందే తప్ప బండ ముందుకు కదలదు.

ఆట మొదట్లో మనం ఎంచుకునే మూడు పోకెమాన్‌లకూ సింథియా జట్టులో మూడు ఉచ్చులు ఉన్నాయి. ఇన్‌ఫర్‌నేప్‌కు గార్‌చాంప్ ఎర్త్‌క్వేక్ రెండింతలు తగులుతుంది. ఎంపోలియన్‌కు అదీ రెండింతలే, లుకారియో ఆరా స్ఫియర్ కూడా రెండింతలే. టార్టెరా ఎర్త్‌క్వేక్‌ను తట్టుకుంటుంది కానీ మిలోటిక్ ఐస్ బీమ్ నాలుగు రెట్లు తగిలి ఒక్క దెబ్బకు పోతుంది. కాబట్టి ఒక్కదాన్ని పెంచడం ఆపి, నలుగురిని 58, 60 మధ్యకు తీసుకురండి. ప్లాటినంకు అది చాలు. డైమండ్, పర్ల్‌కు ఇంకో మూడు నాలుగు కలపండి.

లెవెల్ పెంచడానికి విక్టరీ రోడ్‌లో గంటలకొద్దీ తిరగవలసిన పని లేదు. సింథియాకు ముందు ఎదురయ్యే ఎలీట్ ఫోర్ నలుగురితోనే మళ్ళీ మళ్ళీ ఆడండి. సింథియా చేతిలో ఓడినా డబ్బు కొంత పోతుందే కానీ సంపాదించిన అనుభవం పోదు. మా మేనల్లుడు ఆ ఎనిమిది ఓటముల్లో తనకు తెలియకుండానే జట్టును ఆరేడు లెవెళ్ళు పెంచుకున్నాడు.

లక్షణం: చివరి దెబ్బ మిగిలిందనగా ఆమె పూర్తిగా నయం చేసుకుంటోంది

అది ఫుల్ రిస్టోర్ అనే మందు. ఆరోగ్యపు గీత ఎరుపులోకి వెళ్ళినప్పుడు వాడుతుంది. కాబట్టి ఎదుటిదాన్ని ఎరుపులో వదలకూడదు. పసుపులో ఉండగా ఒకే దెబ్బతో ముగిసేలా లెక్క వేసుకోండి. మొదటి దెబ్బకే ఎరుపులోకి పోయేట్టుంటే కాస్త చిన్న మూవ్‌తో మొదలుపెట్టండి. తప్పనిసరై ఎరుపులో వదిలితే ఆ వంతు ఆమె కొట్టదు. మీరూ ఆ వంతులో మందు వాడుకోవచ్చు, బలం పెంచుకునే మూవ్ వేసుకోవచ్చు, పడిపోయిన దాన్ని రివైవ్‌తో లేపుకోవచ్చు.

మీ సంచిలోకి ఫుల్ రిస్టోర్‌లు కొనాలంటే ఒక్కోదానికి ఆటలోని డబ్బు 3000. చేతిలో సొమ్ము తక్కువైతే 1500 చొప్పున రివైవ్‌లు ఎక్కువ కొనండి. ఈ పోరులో అవే ఎక్కువ పనికొస్తాయని నా అనుభవం. డబ్బుకు ఇబ్బందిగా ఉంటే అమిటీ స్క్వేర్‌లో దొరికే అమ్యులెట్ కాయిన్‌ను ఒకదానికి పట్టించి నలుగురితో ఆడండి, గెలుపు సొమ్ము రెట్టింపవుతుంది.

లక్షణం: స్పిరిటూంబ్‌కు ఏది కొట్టినా సరిగా తగలడం లేదు

ఈ ఆటల్లో దానికి బలహీనత లేదు. దెయ్యం, చీకటి రకాలు ఒకదాని లోపాన్ని ఒకటి కప్పుకుంటాయి. ఫెయిరీ రకం 2013లో వచ్చాకే దానికి ఒక విరుగుడు దొరికింది. ఇక్కడ వెతకడం అనవసరం, మీ దగ్గరున్న బలమైన దెబ్బ ఏదైనా కొట్టండి. నార్మల్, ఫైటింగ్, సైకిక్ రకాల దెబ్బలు మాత్రం వద్దు, అవి అసలే తగలవు. దాని ప్రెషర్ గుణం వల్ల మీ మూవ్‌ల పీపీ, అంటే ఒక మూవ్‌ను ఎన్నిసార్లు వాడవచ్చో ఆ లెక్క, రెండేసి ఖర్చవుతుంది. ఐదు పీపీ ఉన్న పెద్ద మూవ్‌లను దాని మీద వాడకండి.

లక్షణం: ఫోకస్ సాష్ పట్టించినా నాది ఒక్క దెబ్బకు పడిపోయింది

ఫోకస్ సాష్ ఒక్క దెబ్బకు పడిపోకుండా ఆపే వస్తువు, కానీ నిండు ఆరోగ్యం ఉంటేనే పనిచేస్తుంది. మీ అబోమాస్నో తెచ్చిన వడగళ్ళు మీవాళ్ళను కూడా గిల్లుతూనే ఉంటాయి. ఈ రెండూ ఒకే జట్టులో పొసగవు. ఏదో ఒకటే ఎంచుకోండి.

మిగిలిన మూడు

లుకారియో మీదికి అబోమాస్నోను పంపకండి, ఆరా స్ఫియర్ గురి తప్పదు, రెండింతలు తగులుతుంది. నిప్పు, నేల, ఫైటింగ్ ఏదైనా దానికి పడదు. స్టారాప్టర్ క్లోజ్ కాంబాట్ బాగా పనిచేస్తుంది. రోజ్‌రేడ్‌కు స్టారాప్టర్ ఎగిరే దెబ్బలే చాలు. గాస్ట్రోడాన్‌కు గడ్డి రకం నాలుగు రెట్లు, టోగెకిస్‌కు విద్యుత్తు లేదా మంచు. ఇవి ఏ క్రమంలో దిగుతాయో ఎదురుగా ఉన్న మీ పోకెమాన్‌ను బట్టి మారవచ్చు. అందుకని ఆప్షన్లలో పోరు పద్ధతి షిఫ్ట్‌లో ఉందో లేదో చూసుకోండి. అలా ఉంటే తరువాత ఏది దిగబోతోందో ఆట ముందే చెప్పి, మీది మార్చుకునే అవకాశం ఇస్తుంది.

2021లో వచ్చిన బ్రిలియంట్ డైమండ్, షైనింగ్ పర్ల్ ఆడేవాళ్ళకు ఒక హెచ్చరిక. అక్కడ గార్‌చాంప్ చేతిలో యాచే పండు ఉంటుంది. మొదటి మంచు దెబ్బను అది సగానికి తగ్గిస్తుంది. స్వోర్డ్స్ డాన్స్‌తో బలం కూడా పెంచుకుంటుంది. మొదటి ఐస్ షార్డ్ పండును తినిపించడానికే అనుకుని లెక్క వేసుకోండి.

లక్షణం: గెలిచాను, కానీ మళ్ళీ తెరిస్తే గెలవనట్టే ఉంది

మా మేనల్లుడు నిన్న రాత్రి రెండింటికి మళ్ళీ ఫోన్ చేశాడు. గార్‌చాంప్ పడిపోయింది, వాడి గొంతు వణుకుతోంది. "డీఎస్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది మామయ్యా" అన్నాడు. డీఎస్ అంటే ఈ ఆట ఆడే చేతి యంత్రం, దాని ఛార్జి అయిపోవస్తోందని ఆ లైటు అర్థం. సింథియాను గెలిచాక హాల్ ఆఫ్ ఫేమ్ గదిలోకి తీసుకెళతారు, మీ జట్టును నమోదు చేస్తారు, ఆ తరువాతే ఆట సేవ్ అవుతుంది. అంతకుముందు ఆగిపోతే గెలుపు పోయినట్టే. ఫోన్ పెట్టకుండానే ఛార్జరు తెచ్చుకోమన్నాను. కుర్చీ జరిపిన చప్పుడు, చీకట్లో దేనికో కాలు తగిలిన చప్పుడు వినిపించాయి. తరువాత, "పెట్టేశాను, సేవ్ అవుతోంది" అన్నాడు.